రీహీటింగ్ ఫర్నేసు తలుపుకి నీళ్ల ఫ్రేము: లెక్క నుంచి బిగింపు దాకా

ఫర్నేసు తలుపు చుట్టూ ఉండే నీళ్ల ఫ్రేము, అంటే లోపల నీళ్లు తిరుగుతూ చల్లబరిచే ఉక్కు చట్రం, పాడైతే మంటకి కాలిపోయిందని అనేస్తాం. పాత ఫ్రేముని గ్యాస్ కట్టర్‌తో కోసి లోపల చూడండి. కాలిన చోట సున్నపు పొర కట్టి ఉంటుంది, లేదంటే అది గాలి నిలిచిన పై మూల అయి ఉంటుంది, లేదంటే నీళ్లు తిరగని సందు. ఎదురుగా 1200 డిగ్రీల వేడి ఉన్నా లోపల నీళ్లు చురుగ్గా నడుస్తుంటే ఉక్కు ప్లేటు 150 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. అందుకని ఈ పనిలో ప్లేటు కోసేటప్పుడూ, వెల్డింగ్ పెట్టేటప్పుడూ, పైపు తిప్పేటప్పుడూ ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఇక్కడ నీళ్లు కదులుతాయా?

ఇక్కడ చెప్పేది ఉత్తరాంధ్రలో కొత్తవలస, ఎల్.కోట వైపు కనిపించే రోలింగ్ మిల్లుల తరహా బిల్లెట్ రీహీటింగ్ ఫర్నేసుకి, అంటే ఉక్కు దిమ్మెల్ని (బిల్లెట్లని) కరగకుండా మళ్లీ వేడిచేసే ఫర్నేసుకి. గరివిడి, బొబ్బిలి వైపు ఫెర్రో అల్లాయ్ ఫర్నేసుల్లో కరిగిన లోహం ఉంటుంది. కరిగిన లోహం కిందకి నీళ్లు చేరితే ఒక్క క్షణంలో ఆవిరై పేలుతుంది. అక్కడికి ఈ డిజైన్ యథాతథంగా తీసుకెళ్లకండి. దానికి తయారీదారు డ్రాయింగే ప్రమాణం.

ముందు లెక్క

ఉదాహరణకి తలుపు కంత 900 మి.మీ. వెడల్పు, 600 మి.మీ. ఎత్తు అనుకుందాం. ఫర్నేసు లోపల 1200 డిగ్రీలు. ఆ వేడి దగ్గర కంతలోంచి బయటికి కొట్టే వికిరణం చదరపు మీటరుకి దాదాపు 267 కిలోవాట్లు. ఫ్రేము నిలువులు (కంతకి రెండు పక్కలా నిలబడే భాగాలు) మంటని ఏటవాలుగా చూస్తాయి కాబట్టి వాటికి అందులో సగం, అంటే 133 కిలోవాట్లు తీసుకోండి. కంత పైన అడ్డంగా ఉండే భాగానికి, అంటే పై అడ్డానికి మాత్రం పూర్తిగా 267 పట్టుకోండి. తలుపు సందులోంచి నాలుక చాచే మంట ముందు తగిలేది దానికే.

మంట చూసే ముఖం 120 మి.మీ. ఉంటే ఒక్కో నిలువుకి 0.072 చదరపు మీటర్లు, వేడి 9.6 కిలోవాట్లు. పై అడ్డానికి 0.108 చదరపు మీటర్లు, వేడి 28.8 కిలోవాట్లు. మొత్తం 48 కిలోవాట్లు.

గంటకి 1 ఘనమీటరు నీళ్లు 10 డిగ్రీలు వేడెక్కితే అవి మోసుకుపోయే వేడి 10,000 కిలోక్యాలరీలు, అంటే 11.6 కిలోవాట్లు. ఈ ఒక్క అంకె గుర్తుంటే ఏ ఫ్రేముకైనా లెక్క కట్టుకోవచ్చు. మన 48 కిలోవాట్లకి గంటకి 4.1 ఘనమీటర్లు చాలన్నమాట.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఫ్రేములు పోవడం మొదలయ్యేది ఇక్కడే. నీళ్లు ఎన్ని పోతున్నాయన్నది ఒక సంగతి, ఎంత వేగంగా పోతున్నాయన్నది ఇంకో సంగతి. సెకనుకి 1 మీటరు వేగం ఉంటే, నిలువు ప్లేటు లోపలి ముఖం నీళ్లకంటే దాదాపు 30 డిగ్రీలు మాత్రమే వేడిగా ఉంటుంది. అదే వేగం 0.3 మీటర్లకి పడిపోతే ఆ తేడా 80 డిగ్రీలవుతుంది. 35 డిగ్రీల నీళ్లకి 80 కలిపితే 115. ప్లేటుని ఆనుకున్న నీళ్లు అక్కడే మరగడం మొదలెడతాయి. బయటికొచ్చే నీళ్లు చల్లగానే ఉంటాయి, థర్మామీటరులో ఏమీ తెలియదు, లోపల మాత్రం సున్నం పేరుకుంటూ ఉంటుంది.

అందుకని వేడి లెక్క ఒకటి, వేగం లెక్క ఒకటి వేసి, ఏది ఎక్కువ నీళ్లు అడిగితే అది తీసుకోండి. దాదాపు ఎప్పుడూ వేగం లెక్కే గెలుస్తుంది. ఈ ఫ్రేముకి అది గంటకి 9 ఘనమీటర్లు. ఎలాగో కింద వస్తుంది.

ఆకారం: ఒకే గొట్టం కాదు, మూడు బాక్సులు

నిలువులు రెండు, పై అడ్డం ఒకటి కలిపి ఒకే ముక్కగా వెల్డ్ చేసే పద్ధతి ఉంది. వద్దు. మూలల దగ్గర వెల్డింగు మంటకి ఎదురుగా పడుతుంది, ఫ్రేము సాగి ముడుచుకునేటప్పుడు బిగువంతా అక్కడే చేరుతుంది, ముందు పగిలేదీ అదే. మూడు విడి బాక్సులు చేయండి. ఒక్కోదానికి సొంత ఇన్‌లెట్, సొంత అవుట్‌లెట్, సొంత వాల్వు. ఒకటి కారితే దాన్నొక్కదాన్నే మార్చుకుంటారు, పైగా ఏది కారుతోందో వెతుక్కోనక్కర్లేదు.

ఒకే హెడరు (నీళ్లు పంచే పెద్ద పైపు) నుంచి రెండు నిలువులకీ నీళ్లిచ్చి పైన ఒకే పైపులో కలిపేయడం కూడా మానండి. ఒక నిలువు మూసుకుపోతే నీళ్లన్నీ రెండోదాంట్లోంచి పోతాయి, కలిసిన చోట అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

కింద గడపకి నీళ్లు పెట్టకండి. బిల్లెట్లు దానిమీదే ఈడుస్తారు, దెబ్బ తగులుతుంది. వేడికి తట్టుకునే పోత ఇనుము పలకలో, గట్టి క్యాస్టబులో (వేడిని తట్టుకునే కాంక్రీటు లాంటిది) చాలు.

ప్లేటు ఎంపిక

మంట వైపు 10 మి.మీ. ప్లేటు. ఐఎస్ 2002 బాయిలర్ ప్లేటు దొరికితే మంచిది, లేకపోతే ఐఎస్ 2062 ఈ250 లో టెస్ట్ సర్టిఫికెట్ ఉన్నది, లామినేషన్ (లోపల పొరలు విడిపోవడం) లేనిది తీసుకోండి. స్క్రాప్ యార్డు ప్లేటు ఎంత చవకైనా ఈ పనికి వద్దు. పొరలు విడిపోయిన ప్లేటులో మంట వేడి లోపలి నీళ్ల దాకా చేరదు.

మందం పెంచితే ఎక్కువ కాలం వస్తుందనే నమ్మకం గట్టిగా ఉంది. ఈ పనిలో అది తలకిందులు. పై అడ్డానికి వచ్చే వేడి దగ్గర 10 మి.మీ. ప్లేటులో బయటి ముఖానికీ లోపలి ముఖానికీ తేడా 60 డిగ్రీలు. 20 మి.మీ. వేస్తే 120. తలుపు తెరిచి మూసినప్పుడల్లా ఆ తేడా పెరిగి తగ్గి, ప్లేటు మీద సాలెగూడులా సన్నని పగుళ్లు లేస్తాయి.

స్టెయిన్‌లెస్ స్టీలు మరీ పొరపాటు. వేడిని మోయడంలో అది మామూలు ఉక్కులో మూడో వంతు. అదే 10 మి.మీ.కి తేడా 165 డిగ్రీలు దాటుతుంది, సాగడం కూడా ఎక్కువ. పైగా నీళ్లలో ఉప్పుదనం ఉంటే 304 గ్రేడు వేడి దగ్గర లోపల్నుంచి పగుళ్లిస్తుంది. శ్రీకాకుళం తీరం వెంబడి, సముద్రానికి దగ్గరి బోర్ల నీళ్లు వాడేవాళ్లు ఇది ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాలి.

కోత, వంపు

మంట చూసే ముఖం మీద వెల్డింగు గీత ఒక్కటి కూడా ఉండకూడదు. కాబట్టి బాక్సు ముందు ముఖం, రెండు పక్కలూ ఒకే ప్లేటుని వంచి చేయాలి. 180 మి.మీ. వెడల్పు పట్టీ కోసి, లోపలి వ్యాసార్ధం 15 మి.మీ. ఉండేలా ప్రెస్ బ్రేక్ (ప్లేటు వంచే యంత్రం) మీద రెండు వైపులా వంచితే, బయటి కొలతలు 120 × 50 మి.మీ. ఉన్న తొట్టి వస్తుంది. విశాఖలో గాజువాక ఆటోనగర్‌లో ప్రెస్ బ్రేక్ ఉన్న షాపులు ఉన్నాయి. ముందు 200 మి.మీ. తుక్కు ముక్క ఒకటి వంచి కొలిచాకే అసలు పట్టీ వంచమనండి. రోలింగ్ దిశ వంపుకి అడ్డంగా ఉంటే వంపు దగ్గర చిట్లదు.

నిలువుల పొడవు 750 మి.మీ. కంత ఎత్తు 600, పైనా కిందా ఇటుకలో దూరడానికి 75 చొప్పున. పై అడ్డం 1250 మి.మీ. ఈ అదనపు పొడవు ఊరికే కాదు. నీళ్లు మలుపు తిరిగే మూలల్లో కదలిక తక్కువ, ఆ మూలలు మంటకి కనబడకుండా ఇటుక వెనక్కి పోవాలి.

వెనక మూత 10 మి.మీ. ప్లేటు, తొట్టి కాళ్ల మధ్య కూర్చోవాలి. లోపల మిగిలే ఖాళీ 100 మి.మీ. వెడల్పు, 30 మి.మీ. లోతు. రెండు చివర్లకీ 10 మి.మీ. మూతలు.

ఇప్పుడు అసలు కీలకం. ఆ ఖాళీని అలాగే వదిలేస్తే సెకనుకి మీటరు వేగం రావడానికి ఒక్కో బాక్సుకే గంటకి 10 ఘనమీటర్లకి పైగా కావాలి. 8 మి.మీ. మందం, 30 మి.మీ. ఎత్తు ఉన్న పట్టీలు రెండు నిలువునా వెల్డ్ చేసి లోపలిని మూడు వరసలు చేయండి. ఒక్కో వరస 28 × 30 మి.మీ. గంటకి 3 ఘనమీటర్లతోనే వేగం మీటరు అందుకుంటుంది. మూడు బాక్సులకి 9.

పట్టీలు పెట్టే క్రమం ఇది. నీళ్లు కింద చివర మొదటి వరసలోకి వస్తాయి, పైకి ఎక్కుతాయి, పైన మలుపు తిరిగి రెండో వరసలో దిగుతాయి, కింద మళ్లీ తిరిగి మూడో వరసలో ఎక్కి పైనుంచి బయటికి పోతాయి. కాబట్టి మొదటి పట్టీ పైన 30 మి.మీ. పొట్టిగా, రెండో పట్టీ కింద 30 మి.మీ. పొట్టిగా ఉండాలి. నిలువులో పట్టీ పొడవు 700, పై అడ్డంలో 1200. మొదటి వరస ఫర్నేసు లోపలి వైపు వచ్చేలా చూడండి. చల్లటి నీళ్లు ముందు ఎక్కువ వేడి ఉన్న చోటికే పోవాలి.

రెండు చిన్న కంతలు మరవకండి. రెండో పట్టీ పై చివర 4 మి.మీ. కంత: పై మలుపులో చిక్కిన గాలి దాంట్లోంచి మూడో వరసలోకి, అక్కణ్ణుంచి బయటికి పోతుంది. మొదటి పట్టీ కింది చివర ఇంకో 4 మి.మీ. కంత: బాక్సు ఖాళీ చేసినప్పుడు మురుగు నిలవకుండా. మూత వేశాక ఈ కంతలు వేయడం ఎవరివల్లా కాదు.

ఇన్‌లెట్, అవుట్‌లెట్ రెండూ 25 ఎన్‌బీ (25 మి.మీ. సైజు), షెడ్యూల్ 80 (మందపాటి గోడ) పైపు, వెనక మూతకే వెల్డ్ చేయాలి. అవుట్‌లెట్ కంత పై చివరి మూతకి 5 మి.మీ. లోపే ఉండాలి. 40 మి.మీ. కిందికి దిగితే ఆ 40 మి.మీ. ఎప్పుడూ గాలే.

పై అడ్డం కూడా ఇదే అచ్చు, పడుకోబెట్టినది. బిగించేటప్పుడు అవుట్‌లెట్ చివర మీటరుకి 10 మి.మీ. పైకి లేపండి.

ఉక్కు బరువు నిలువుకి 20 కిలోలు, పై అడ్డానికి 33 కిలోలు వరకు వస్తుంది.

వెల్డింగ్

పట్టీలు ముందు మంట వైపు ప్లేటు లోపలి ముఖానికి, రెండు పక్కలా 50 మి.మీ. వెల్డు, 50 మి.మీ. ఖాళీ చొప్పున. మూతకి పట్టీలని అతికించనక్కర్లేదు, కానీ సందు 1 మి.మీ. మించకూడదు. సందు పెరిగితే నీళ్లు అడ్డదారి పట్టి వేగం పోతుంది.

మూత అంచుల్ని 45 డిగ్రీల వాలుగా గ్రైండ్ చేసి, 2.5 మి.మీ. సందు ఇచ్చి, మొదటి రన్ టిగ్‌ (ఆర్గాన్ వెల్డింగు)తో, ఆ పైన 7018 రాడ్లతో నింపండి. ఈ తీరపు గాలిలో తేమ ఎక్కువ, 7018 రాడ్డు పెట్టె విప్పి షెడ్డులో వదిలేస్తే తేమ పీల్చేస్తుంది. 260 నుంచి 300 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఆరబెట్టి, వాడేటప్పుడు వేడి డబ్బాలోంచి ఒక్కొక్కటే తీయాలి. తడి రాడ్డుతో వేసిన వెల్డు ఆరోజు బాగానే కనబడుతుంది, మర్నాటికి దాని అంచున సన్నని పగులు తేలుతుంది. కాబట్టి డీపీ టెస్టు (పగుళ్లని రంగు ద్రావణంతో చూపే పరీక్ష) 24 గంటలు ఆగి చేయండి.

పరీక్ష

బాక్సుని నిలబెట్టి, పైనుంచి గాలి పూర్తిగా పోయేదాకా నీళ్లు నింపి, 6 బార్ దగ్గర 30 నిమిషాలు ఉంచండి. గేజీ ముల్లు కదలకూడదు, వెల్డు మీద చెమ్మ కనబడకూడదు. గాలితో ప్రెషరు పరీక్ష చేయకండి, తెగితే ముక్క ఎగిరి మనిషికి తగులుతుంది.

రెండో పరీక్షని చాలామంది వదిలేస్తారు, నిజానికి మొదటిదాని కంటే ఇదే ఎక్కువ చెబుతుంది. బాక్సుకి నీళ్లిచ్చి, అవుట్‌లెట్ కింద 20 లీటర్ల బకెట్ పెట్టి, నిండే సమయం చూడండి. 24 సెకన్లలో నిండితే నిమిషానికి 50 లీటర్లు, అంటే గంటకి 3 ఘనమీటర్లు. అప్పుడు ఇన్‌లెట్ ప్రెషరు ఎంత ఉందో గేజీలో చూసి, బాక్సు మీదే పెయింటుతో రాసేయండి. రేపు అదే ప్రెషరు దగ్గర 24 సెకన్లు 35 సెకన్లయితే లోపల ఏదో పేరుకుందని అర్థం. విప్పకుండా తెలుసుకునే సులువైన దారి ఇదే.

బిగింపు

ఫ్రేము బాక్సు మీద ఇటుక బరువు పడకూడదు. పైన ఆర్చి తన బరువు తానే మోసుకోవాలి, పై అడ్డం బక్‌స్టే (ఫర్నేసుని బయటినుంచి పట్టుకునే ఉక్కు దూలం) నుంచి బోల్టులతో వేలాడాలి. ఒక చివర బోల్టు కంత గుండ్రంగా, రెండో చివర కోలగా ఉంటే సాగడానికి చోటుంటుంది. 1250 మి.మీ. బాక్సు సాగేది మిల్లీమీటరు, అటూ ఇటూ. నిలువుకీ అడ్డానికీ మధ్య 6 నుంచి 8 మి.మీ. సందు వదిలి సిరామిక్ ఫైబర్ తాడు కూరండి. తలుపు ఆనే ముఖం మొత్తం పొడవునా 1 మి.మీ.కి మించి వంకర ఉండకూడదు.

మంట వైపు ముఖానికి 40 మి.మీ. క్యాస్టబుల్ పూత వేయించండి. 60 శాతం అల్యూమినా లో సిమెంట్ రకం, 310 గ్రేడు స్టెయిన్‌లెస్ 6 మి.మీ. వీ ఆంకర్లు 100 మి.మీ. దూరంలో, ఆంకర్ల కొసలకి బిట్యుమెన్ పూసి. ఈ పూత ఉన్నంతకాలం ఫ్రేముకి చేరే వేడి చదరపు మీటరుకి 30 కిలోవాట్ల దగ్గరికి దిగుతుంది. ఇది నూనె ఆదా కూడా. పూత లేని ఫ్రేము నీళ్లలో కలిపేసే 48 కిలోవాట్లు అంటే గంటకి దాదాపు 4 కిలోల ఫర్నేస్ ఆయిల్‌లోని వేడి. ఫర్నేసు సామర్థ్యం సగమే అనుకుంటే 8 కిలోలు. అయినా నీళ్ల లెక్క మాత్రం పూత లేనట్టే వేయాలి. పూత ఏదో ఒక రోజు రాలుతుంది, ఆ రోజు తలుపు ముందు మనుషులుంటారు.

నీళ్ల లైను

9 ఘనమీటర్లకి 25 మీటర్ల హెడ్ ఇచ్చే 2 హెచ్‌పీ పంపు సరిపోతుంది. రెండు పెట్టండి, ఒకటి నడవడానికి, ఒకటి సిద్ధంగా. హెడరులో 1.5 నుంచి 2 బార్. పంపు తరవాత 1 మి.మీ. జాలీ ఉన్న స్ట్రెయినరు. చంపావతి, నాగావళి నీళ్లు తెచ్చుకునేవాళ్లు వానాకాలంలో బురద తేరుకోకుండా లైనులోకి ఎక్కించకండి. కూలింగ్ టవరు 15 టన్నులది (బరువు కాదు, చల్లబరిచే శక్తి కొలత) చాలు. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఎండాకాలంలో టవరు నీళ్లు 32, 33 డిగ్రీలకంటే చల్లబడవు, లెక్క 35 తోనే వేసుకోండి.

వాల్వు ఇన్‌లెట్ వైపే ఉండాలి. అవుట్‌లెట్ వైపు వాల్వు పెట్టొద్దు. రెండూ మూసి ఫర్నేసు వేడిగా ఉంటే ఆ బాక్సు బాంబే. అవుట్‌లెట్ పైపు తెరిచిన గరాటులోకి, కంటికి కనబడేలా పడాలి. మూడు గరాట్లు పక్కపక్కన, మనిషి నడిచే దారిలో ఉంటే ఏ షిఫ్టు వాడైనా ఒక్క చూపుతో కనిపెడతాడు. దానికి తోడు ఒక్కో అవుట్‌లెట్‌కి ఫ్లో స్విచ్: నిమిషానికి 35 లీటర్లకి పడితే అలారం, 25కి పడితే బర్నరు ఆగాలి. నీళ్లు 50 డిగ్రీలు దాటితే అలారం, 60కి బర్నరు ఆగాలి.

నీళ్ల గుణం మీద రాజీ వద్దు. సున్నం చల్లటి నీళ్లలోకంటే వేడి నీళ్లలో తక్కువ కరుగుతుంది. అందుకే అది పైపంతా వదిలేసి సరిగ్గా మంట ఎదుటి ప్లేటు మీదే కూర్చుంటుంది. 1 మి.మీ. సున్నపు పొర పై అడ్డం ప్లేటు వేడిని 130 నుంచి 260 డిగ్రీలు పెంచేస్తుంది. 10 మి.మీ. ఉక్కు పెంచేది 60 మాత్రమే. మీ బోరు నీళ్లని ల్యాబులో చూపించండి. మొత్తం కఠినత్వం 50 పీపీఎం లోపు, పీహెచ్ 7.5 నుంచి 9 మధ్య ఉండేలా సాఫ్టనరు పెట్టుకోండి. కూలింగ్ టవరులో నీళ్లు ఆవిరై మిగిలినవి చిక్కబడతాయి, రోజూ ఆ చిక్కటి నీళ్లు కొంత బయటికి (బ్లోడౌన్) వదలాల్సిందే.

కరెంటు పోతే

8 నుంచి 10 మీటర్ల ఎత్తులో 2000 లీటర్ల ట్యాంకు, దాని నుంచి హెడరుకి ఎన్‌ఆర్‌వీ (నీళ్లని ఒకే వైపు పోనిచ్చే వాల్వు)తో 50 ఎన్‌బీ లైను. పంపు ఆగి ప్రెషరు పడగానే ట్యాంకు నీళ్లు వాటంతట అవే దిగాలి, ఎవరో పరిగెత్తి వాల్వు తిప్పాల్సిన పని ఉండకూడదు. సగం ప్రవాహం, అంటే నిమిషానికి 75 లీటర్ల లెక్కన ఆ ట్యాంకు 25 నిమిషాలు వస్తుంది. ఆ లోపు జనరేటరు లేదా డీజిలు పంపు అందుకోవాలి. నెలకోసారి నిజంగా పంపు ఆపి చూడండి, ఎన్‌ఆర్‌వీ ఇరుక్కుపోవడం మామూలే.

తుఫాను వేరే సంగతి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉత్తరాంధ్ర జిల్లాల్లో కరెంటు రోజుల తరబడి లేదు, రోడ్ల మీద చెట్లు పడి డీజిలు రావడమూ కష్టమైంది. బర్నరు ఆపినంత మాత్రాన ఫర్నేసు చల్లబడదు, ఇటుక వేడి ఒకటి రెండు రోజులు ఉంటుంది, అంతసేపూ ఫ్రేముకి నీళ్లు కావాలి. కాబట్టి హెచ్చరిక వచ్చాక గాలి మొదలయ్యేదాకా ఆగకుండా రెండు రోజుల ముందే మంట తగ్గించడం మొదలెట్టండి.

వెలిగించేటప్పుడు, నడిచేటప్పుడు

ముందు నీళ్లు, తరవాత మంట. మూడు గరాట్లలోనూ ధార బుడగలు లేకుండా నిండుగా పడాలి. మొదటి గంటా రెండు గంటలూ ఫ్రేము మీద నీటి చుక్కలు కనిపిస్తాయి. అది లీకు కాదు, మంటలోని తేమ చల్లటి ఉక్కు మీద పట్టే చెమట. ఫర్నేసు వేడెక్కాక కూడా ఆగకపోతే అప్పుడు అనుమానించండి. గంధకం ఉన్న ఫర్నేస్ ఆయిల్ కాల్చేచోట ఈ చెమట ఆమ్లంగా మారి ప్లేటుని బయటినుంచి తినేస్తుంది, కాబట్టి ఆరు నెలలకోసారి అల్ట్రాసానిక్ గేజీతో మందం కొలవండి. 10లో 7 మి.మీ.కి దిగితే మార్చే సమయం వచ్చినట్టే.

ఫర్నేసు ప్రెషరు గడప మట్టంలో నీటి మట్టం లెక్కన 0.5 నుంచి 1 మి.మీ. చాలు. అంతకంటే పెరిగితే తలుపు పైనుంచి మంట బయటికి కొడుతుంది, తిన్నగా పై అడ్డం మీద. పై అడ్డం ఒక్కటే పదేపదే పోతుంటే వెల్డరుని తిట్టకముందు డాంపరు (పొగ దారిని తెరిచి మూసే పలక) చూడండి.

సాధారణంగా పై అడ్డం అవుట్‌లెట్ ఇన్‌లెట్‌కంటే 8 డిగ్రీలు, నిలువులు 3 డిగ్రీలు వేడిగా ఉంటాయి. పూత కొత్తగా ఉన్నప్పుడు ఇంకా తక్కువ. ధార ఆగి ఆగి ఎగిసిపడుతుంటే, పైపులో టకటకమని చప్పుడు వస్తుంటే లోపల ఆవిరి పుడుతోంది. ధార తగ్గకుండా వేడి మాత్రం పెరిగితే పూత రాలింది. ధార తగ్గి వేడి పెరిగితే స్ట్రెయినరో, సున్నమో. ఇన్‌లెట్ ప్రెషరు మారకుండా గరాటులో నీళ్లు తగ్గి, కంత దగ్గర ఇటుక నల్లబడి తెల్లటి ఆవిరి లేస్తే బాక్సు లోపలికి కారుతోంది. బర్నరు తగ్గించి, ఆ ఒక్క బాక్సు ఇన్‌లెట్ వాల్వుని ధార సన్నబడేదాకా బిగించి, ఫర్నేసు వేడి దించండి.

అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త ఇది. ఏ కారణంగానైనా నీళ్లు ఆగి ఫ్రేము ఎర్రబడితే కంగారులో నీళ్లు వదలకండి. ఎర్రటి ఉక్కు మీద పడ్డ నీళ్లు ఒక్కసారిగా ఆవిరై హోసులు పేలతాయి, ముందు నిలబడ్డవాళ్లు కాలిపోతారు. బర్నరు ఆపండి, ఇన్‌లెట్ మూయండి, మనుషుల్ని దూరంగా పంపండి. ఫ్రేము నల్లబడి 150 డిగ్రీల లోపుకి వచ్చాక, చుక్కలు చుక్కలుగా మొదలెట్టండి. ఒకసారి ఎర్రబడిన బాక్సుని మళ్లీ 6 బార్ పరీక్ష చేయకుండా వాడకండి.

సున్నం తీయడం

బకెట్ సమయం 24 సెకన్ల నుంచి పెరిగి 30 దాటితే, ఫర్నేసు చల్లగా ఉన్నప్పుడు చేయండి. మూడు బాక్సుల్లో కలిపి పట్టేవి 7 లీటర్ల నీళ్లే. 30 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు పోసి, అందులో ఒకటిన్నర కిలో సల్ఫామిక్ ఆమ్లం పొడి కలిపి, 50 డిగ్రీల దగ్గర చిన్న పంపుతో రెండు మూడు గంటలు తిప్పండి. ఎప్పుడూ నీళ్లలో ఆమ్లం కలపాలి, ఆమ్లంలో నీళ్లు కాదు. చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలు తప్పనిసరి. సున్నం కరుగుతున్నంతసేపూ నురగ వస్తుంది. నురగ ఆగి, పీహెచ్ మారకుండా నిలిస్తే పని అయినట్టు. తరవాత 1 శాతం సోడా యాష్ నీళ్లతో అరగంట తిప్పి, మంచినీళ్లతో కడిగి, మళ్లీ బకెట్ పెట్టి చూడండి. 24 సెకన్లకి దగ్గరగా రాకపోతే సున్నం కాదు, మట్టో వెల్డింగు తుక్కో ఇరుక్కుంది. ఇన్‌లెట్ వైపునుంచి కాకుండా అవుట్‌లెట్ వైపునుంచి 3 బార్ నీళ్లు తిప్పికొట్టి చూడండి.

స్పేరుగా నిలువు ఒకటి, పై అడ్డం ఒకటి పరీక్ష చేసి, లోపల ఆరబెట్టి, రెండు పైపులకీ ప్లాస్టిక్ మూతలు పెట్టి స్టోర్సులో ఉంచండి. నిలువు మార్చడానికి ఇటుక 75 మి.మీ. మేర మాత్రమే తీయాల్సి వస్తుంది. హోసు కప్లింగులు రెండు చివరలా ఒకే రకంవి వాడితే అర్ధరాత్రి షిఫ్టులో అడాప్టరు వెతుక్కోవాల్సిన పని ఉండదు.